పెంచలమ్మ నోటి పని

అజైబా, మస్కట్
28 నవంబరు 1990

అన్నకు పెంచలమ్మ రాస్తున్నది.

నేను బాగున్నాను. ఈ మాట ముందే రాసేస్తే తక్కిన ఉత్తరం నువ్వు నిదానంగా చదువుతావని మొదటే రాశాను.

అల్ ఖౌద్‌లో రెండేళ్లు పనిచేసిన ఇల్లు వదిలాను. ఆ డాక్టరు మేడమ్ వాళ్లు దేశం మారిపోయారు. పోతూ పోతూ నన్ను అజైబాలో తెలిసినవాళ్ల ఇంట్లో పెట్టారు. ఇక్కడ మామా చాలా మంచి మనిషి. మొదటిరోజే నా చేతులకు గాజులు తొడిగి, "నువ్వు ఈ ఇంటి మనిషివి" అన్నారు. నా చేతి చింతపండు చారంటే మామాకు ప్రాణం.

మేడ మీద దొరతి గారని ఇంగ్లండు పేపరులో రాసేవాళ్లు అద్దెకు ఉంటున్నారు. యుద్ధం చూడటానికి వచ్చారు. యుద్ధం ఇంకా మొదలవలేదు. మొదలైనా ఇక్కడ కాదు, చాలా దూరంలో. అక్కడికి పోవాలంటే కాగితం రావాలట. యుద్ధానికి కూడా వీసా ఉంటుందని నాకు ఇప్పుడే తెలిసింది. మనిషి సరదా మనిషి. నిన్న నా పచ్చ చీర అడిగి కట్టుకుని, అద్దంలో చూసుకుని మురిసిపోయారు.

అసలు సంగతి ఏమంటే, దొరతి గారు నన్ను తమతో పనికి రమ్మన్నారు. వాళ్లు ఇంగ్లీషులో అడిగింది నేను అరబ్బీలో చెప్పాలి, ఎదుటివాళ్లు అరబ్బీలో చెప్పింది ఇంగ్లీషులో చెప్పాలి. నాకు ఇంగ్లీషు ఎక్కడిది అంటావు. అల్ ఖౌద్ మేడమ్ ఇంగ్లీషులోనే తిట్టేది. తిట్ల దాకా బాగా వచ్చు, మిగతాది వాటి మధ్యలో పట్టుకున్నాను. మధ్యాహ్నాలు పోయి రావడానికి మామా ఒప్పుకున్నారు.

నా బిడ్డ ఆశకు నర్సింగు కాలేజీలో సెలవులు ఇస్తే తిరుపతి నుంచి నేరుగా నీ ఇంటికే వస్తుంది. సంగటి పెట్టి ఏడిపించకు.

నీ చెల్లెలు,
పెంచలమ్మ


చింతరాజుపల్లె బ్రాంచి పోస్టాఫీసు
వయా రాజంపేట, కడప జిల్లా
17 డిసెంబరు 1990

పెంచలమ్మా,

నీ జాబు పదిహేడు రోజులకు చేరింది. దాని మీద ముద్ర సగమే పడింది. ఆ విషయం పక్కన పెడతాను, ఎందుకంటే లోపల ఉన్నది అంతకంటే ఘోరం.

నీకు మామ ఎక్కడి నుంచి వచ్చాడు? బావ పోయి తొమ్మిదేళ్లు. ఆయన తండ్రి అంతకు ముందే పోయాడు. ఇప్పుడు ఈ మామ గాజులు తొడగడమేమిటి, ఇంటి మనిషివి అనడమేమిటి? మామ ఉన్నాడంటే ఆయనకు కొడుకు కూడా ఉంటాడు. ఆ కొడుకు గురించి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు! అన్న అనేవాడు ఒకడున్నాడని, వాడికి పోస్టాఫీసు కూడా ఉందని నీకు గుర్తు రాలేదా?

మీ వదినకు చదివి వినిపిస్తే, "చేసుకుంటే చేసుకునిందిలే. పెండ్లి చీర ఏ రంగో రాయలేదే" అన్నది. నేను ఎవరితో కాపురం చేస్తున్నానో చూడు.

ఇక రెండోది. ఆ దొర ఎవడు? యుద్ధానికి వచ్చిన తెల్లదొర, పైగా నీ చీర అడిగి కట్టుకుని అద్దంలో చూసుకునే దొర! అటువంటివాడి వెంట మధ్యాహ్నాలు తిరుగుతావా? పక్కింటి చాంద్ బీకి ఈ సంగతి చెబితే, "సైన్యంలో గుడ్డలు చాలలేదేమో సుబ్బన్నా" అన్నది. ఆమె మంచిది కాబట్టి అంతటితో ఆగింది.

నేను చేయాల్సింది చేశాను. మూడు కాపీలు, మూడూ రిజిస్టర్డ్.

ఇట్లు,
నీకన్నా ముందు పుట్టిన పాపానికి బాధ్యత మోస్తున్న
రామసుబ్బయ్య


అజైబా
8 జనవరి 1991

అన్నా,

నీ ఉత్తరం చదివి మొదట ఏడ్చాను. తర్వాత నవ్వాను. ఆ తర్వాత జిలానికి చదివి వినిపించాను. జిలాని ఈ ఇంటి డ్రైవరు, మన రాయచోటి మనిషి. నవ్వి నవ్వి కారు తలుపుకు తల కొట్టుకున్నాడు. ఇప్పటికీ బొప్పి ఉంది.

ఇక్కడ పనిచేసేవాళ్లు ఇంటావిడను 'మామా' అంటారు. అమ్మ అన్నట్టు. మా మామా పేరు జువైనా. నాకన్నా నాలుగేళ్లు చిన్న. ఆడమనిషి. ఆమె తొడిగినవి ప్లాస్టిక్ గాజులు. దొరతి కూడా ఆడమనిషే. దొర కాదు, పేరే దొరతి. మర్యాదకు 'వచ్చారు, అన్నారు' అని రాస్తే ఇంత కొంప మునుగుతుందని తెలిస్తే 'వచ్చింది, పోయింది' అనే రాసేదాన్ని. నాకు మళ్లీ పెళ్లీ కాలేదు, నువ్వు అనుకున్న ఆ కొడుకూ లేడు. వదినకు చెప్పు, చీర కూడా లేదు.

ఇక పని సంగతి విను. మొన్న అల్ హైల్‌లో ఒకరింటికి పోయాం. ఆడవాళ్లు కూర్చునే గదిలోకి జిలాని రాకూడదు కాబట్టి నేనూ దొరతీ పోయాం. పదిమంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. దొరతి ఆ ఇంటావిడను చూపించి, "యుద్ధం గురించి ఈమె ఏమనుకుంటోందో అడుగు" అంది.

నాది వంటింటి అరబ్బీ. ఉప్పు, చీపురు, మాడిపోయింది, పిల్లవాడు ఏడుస్తున్నాడు, ఇవన్నీ వచ్చు. యుద్ధానికి ఏమంటారో రాదు. అందుకని, "పెద్ద గొడవ గురించి ఏమంటావమ్మా?" అని అడిగాను.

ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. పక్కింటావిడ ఈమె కుట్టుమిషను ఎత్తుకుపోయిందట. అడిగితే, అది ముందు నుంచీ మాదే అంటోందట. అరగంట చెప్పింది. తక్కిన తొమ్మిదిమందీ "నిజమే, నిజమే" అన్నారు. నేను దొరతికి ఇంగ్లీషులో చెప్పాను: "పక్కవాళ్లది బలవంతంగా తీసుకున్నారు. ముందు నుంచీ మాదే అంటున్నారు. పెద్దవాళ్లు వచ్చి ఇప్పించాలి. ఇవ్వకపోతే ఈమె ఊరుకోదు."

దొరతి వేగంగా రాసుకుంది. "ఈ దేశంలో మామూలు ఆడవాళ్లకు కూడా రాజకీయం ఎంత తెలుసు!" అని నా చేయి పట్టుకుని ఊపింది. నాకు అనుమానం వచ్చింది. మరునాడు కారు దగ్గర జిలానిని అడిగితే అప్పుడు తెలిసింది, దొరతి అదంతా ఇరాక్ లాక్కున్న కువైట్ గురించి అనుకుందని. దొరతికి నిజం చెబుదామంటే ఆ పాటికే రాసింది ఇంగ్లండుకు పంపేసింది.

నవ్వుకో. కానీ అన్నా, నాకు ఈ పని ఇష్టంగా ఉంది. పుట్టినప్పటి నుంచి నేను నోరు తెరిస్తే గమ్మునుండు అన్నవాళ్లే. ఇప్పుడు ఒక గదిలో పదిమంది నేను నోరు తెరిచేదాకా ఎదురుచూస్తారు.

నువ్వు చేసింది ఏమిటో విడమరిచి రాయి. మూడు కాపీలంటే నాకు భయంగా ఉంది.

నీకు చెప్పకుండా ఏమీ చేయని
పెంచలమ్మ


చింతరాజుపల్లె
6 ఫిబ్రవరి 1991

చెల్లెమ్మా,

నీ జాబు అందింది. తప్పు నాదే. వంద తప్పులు.

చేసిన పని చెబుతాను. "నా సోదరిని చట్టవిరుద్ధమైన ఒక మామగారు, ఒక తెల్ల సైనికుడు బంధించి యుద్ధపు పని చేయిస్తున్నారు, వెంటనే విడిపించి పంపవలెను" అని అర్జీ రాశాను. డిక్షనరీ చూసి మామ అన్నచోట ఫాదర్-ఇన్-లా అని పెట్టాను. కలెక్టరుకు ఒకటి, ఢిల్లీకి ఒకటి, మస్కట్‌లో మన రాయబార కార్యాలయానికి ఒకటి. ఇరవై రెండేళ్ల సర్వీసులో నా చేతి ముద్ర పడిన కవరు ఏదీ దారి తప్పలేదని గర్వంగా ఉండేవాణ్ణి. ఈ మూడూ తప్పిపోవాలని వారం రోజులుగా మొక్కుతున్నాను.

నిన్న పొద్దున ఇంకో కాగితం రాశాను, "మామగారు ఆడమనిషి అని తేలినందున అర్జీ ఉపసంహరించుకుంటున్నాను" అని. కవరు అంటించాను. సంచిలో వేయబోతుండగా సైకిల్ షాపు ఖమరుద్దీన్ పేపరు పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"సుబ్బన్నా, మీ పెంచలమ్మకు ఏనుగు తొండం వచ్చిండాది!"

చూద్దును కదా, ఫోటో. చీర కట్టుకున్న మనిషి, ముఖానికి నల్ల రబ్బరు ముసుగు, ముక్కు దగ్గర గొట్టం. కింద 'విషవాయువుల నడుమ కడప జిల్లా మహిళ' అని పెద్ద అక్షరాలు. కుడి చేతి మీద వాత చూసి నువ్వేనని గుర్తుపట్టాను. మీ వదిన పేపరు మీదే పడి ఏడ్చింది. చాంద్ బీ దర్గాకు పోయి ఫాతిహా చదివించింది. నీ చేతిలో పొడుగ్గా ఏదో ఉంది. అది ఫలానా తుపాకీ అని ఖమరుద్దీన్ పేరుతో సహా చెప్పాడు. రేడియో వింటాడు కదా.

ఉపసంహరణ కాగితం చించేశాను. రాజంపేట పోయి మూడు చోట్లకూ తంతి కొట్టాను: మునుపటి అర్జీ నిజమే, త్వరపడండి.

ఇప్పుడు నాకు ఏది నమ్మాలో తెలియడం లేదు. నీ ఉత్తరం నమ్మితే ఫోటో అబద్ధం. ఫోటో నమ్మితే నువ్వు నాకు భయం కలగకూడదని అబద్ధాలు రాస్తున్నావు. నువ్వు అటువంటిదానివే.

ప్రాణాలు జాగ్రత్త. తడి తువ్వాలు దగ్గర పెట్టుకో.

నీ అన్న


అజైబా
7 మార్చి 1991

అన్నా,

ఆ ఏనుగును నేనే. బతికే ఉన్నాను.

నా చేతిలో ఉన్నది అట్లకాడ. ఆ రోజు ఎండుమిరపకాయలు వేయించాను, కారం కొట్టాలని. ఘాటుకు ఇల్లంతా దగ్గు. మేడ మీద నుంచి దొరతి, వాళ్ల పేపరువాళ్లు పంపిన ముసుగు తగిలించుకుని పరుగున దిగివచ్చింది, యుద్ధం ఇక్కడికే వచ్చేసిందని సంబరంగా. పొయ్యి మీది బాణలి చూసి డీలా పడింది. తర్వాత ఆ ముసుగు నాకే ఇచ్చింది. ఎంత హాయిగా వేయించానో! ఫోటో తీసి, వంటమనిషి అనీ మిరపకాయలనీ రాసే పంపింది. ఇంగ్లండు నుంచి మన పేపరు దాకా వచ్చేసరికి మిరపకాయలు రాలిపోయి వాయువు మాత్రం మిగిలింది.

యుద్ధం పోయిన వారం అయిపోయింది. దొరతికి యుద్ధానికి పోయే కాగితం, అది అయిపోయిన మూడో రోజు వచ్చింది.

ఆ మరునాడు నీ అర్జీ కూడా వచ్చింది. మన రాయబార కార్యాలయం గుమాస్తా ఒకాయన చెమటలు కక్కుతూ ఫైలు పట్టుకుని ఇంటికి వచ్చాడు. నీ చేతిరాత గడప దగ్గరే గుర్తుపట్టాను. ఆయనకు హిందీ, ఇంగ్లీషు వచ్చు. చాంద్ బీ దగ్గర అబ్బిన హిందీ నాకు ఉండనే ఉంది. మామాకు అరబ్బీ తప్ప రాదు. బాబా, అంటే ఇంటాయన, ఊళ్లో లేడు. హాల్లో ఒకవైపు గుమాస్తా, ఎదురుగా మామా, మూలన మామా అత్తగారు, నోట్‌బుక్కుతో దొరతి. గుమ్మం బయట జిలాని. మధ్యలో నేను. ఆయన అడిగింది మామాకు చెప్పాల్సింది నేనే.

"ఈ మనిషిని ఎందుకు బంధించారో అడుగు" అన్నాడు గుమాస్తా.

ఆ మాట అరబ్బీలో చెబితే ఏమవుతుంది? మామా బెదిరిపోతుంది. నా మీద అర్జీలు, ఆఫీసులు ఎందుకని సాయంత్రానికే నా వీసా రద్దు చేయిస్తుంది. ఆశ చదువు ఇంకా ఏడాది ఉంది.

"ఢిల్లీ సాహెబు. మీ ఇంటి కాఫీ మంచిదని విని వచ్చాడు" అన్నాను మామాతో.

మామా సంతోషపడిపోయింది. "రోజూ రమ్మను. ఖర్జూరాలు కూడా కట్టిస్తాను" అంది.

"బంధించలేదట, ఇంటి మనిషిలా చూస్తోందట" అన్నాను గుమాస్తాతో.

ఆయన ఫైలు తిప్పి, "సరే. ఆ మామగారిని పిలవమను" అన్నాడు.

నాకు తోచక ఉన్నదున్నట్టు అడిగేశాను. మామా ముఖం చిన్నబోయింది. "మా మామగారు పోయి పదకొండేళ్లయింది. దేవుడు ఆయనను చల్లగా చూడాలి" అని కళ్లు తుడుచుకుంది.

"మామగారు చచ్చిపోయారట సార్."

గుమాస్తా అదిరిపడ్డాడు. "ఎప్పుడు? ఈ యుద్ధంలోనా?"

దొరతికి ఏమీ అర్థం కాకపోయినా, మామా కళ్లు తుడుచుకోవడం చూసి రాసుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడు మూలన కూర్చున్న ముసలామె దగ్గింది. ఎనభై ఏళ్ల మనిషి. నేను వచ్చినప్పటి నుంచి "ఊఁ" తప్ప ఇంకో మాట వినలేదు. అలాంటిది, బొంబాయి హిందీలో గడగడా అందుకుంది.

"గుమాస్తా బాబూ, పోయింది నా మొగుడు. యుద్ధంలో కాదు, మంచంలో. ఆయనను భరించింది నేను, ఈ పిల్లకు ఆయన ఏమీ కాడు. ఈ పిల్ల నీకొకటీ నా కోడలికి ఒకటీ చెబుతోంది, బాగానే చెబుతోంది, ఇంతసేపూ నాకు పొద్దుపోయింది."

చిన్నప్పుడు పదేళ్లు బొంబాయిలో పెరిగిందట. ఎవరూ ఆమెతో హిందీ మాట్లాడలేదు, ఆమె చెప్పలేదు! ఆమె నా వైపు తిరిగింది. "ఇందాకటి నుంచి అందరి మాటలూ చెప్పావు. నీ మాట చెప్పు. పోతావా, ఉంటావా?"

అన్నా, అరబ్బీ పోయింది, హిందీ పోయింది, తిట్ల ఇంగ్లీషు కూడా పోయింది. నోటికి తెలుగే వచ్చింది.

"నన్నెవురూ పంపల్యా. నా కాళ్ల మింద నేను వస్తిని. పొయ్యేటప్పుడూ నా కాళ్ల మిందే పోతా. యాడ పని చేసినా ఇట్లా నా మాటకు ఆగినోళ్లు ల్యారు సామీ. నేను పోను."

గదిలో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అప్పుడు గుమ్మం బయట నుంచి జిలాని, తల లోపలికి పెట్టకుండా, హిందీలో ఒకసారి, అరబ్బీలో ఒకసారి, గొంతెత్తి చెప్పాడు. ఏమీ కలపలేదు, ఏమీ తీయలేదు. నాకంటే బాగా చెప్పాడు.

గుమాస్తా ఫైలు మూసి కాఫీ తాగాడు. ఆయన వెళ్లేటప్పుడు మామా ఖర్జూరాల పొట్లం ఇచ్చింది. అసలు సంగతి అత్తగారు చెప్పాక మామా నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు చారు అడిగింది.

నాకు నీ మీద కోపంగా ఉంది. నా మేలు కోరే చేశావని తెలుసు. అందుకే ఎవరి మీదా చూపలేని కోపం.

దొరతి మద్రాసు మీదుగా మీ ఊరికి వస్తానంటోంది. మన వాళ్లను చూసి, ఇక్కడికి వచ్చే ఆడవాళ్ల ఊళ్ల గురించి రాస్తుందట. ఆడమనిషి. గుర్తుపెట్టుకో.

పెంచలమ్మ


చింతరాజుపల్లె
2 మే 1991

చెల్లెమ్మ పెంచలమ్మకు,

డోరతి గారు (నువ్వు రాసే దొరతే) వచ్చి వెళ్లారు. రాజంపేట స్టేషనులో రైలు దిగగానే నేనే ఎదురుపోయాను. ఆడమనిషే. మీ వదినకు నీ లెక్కనే నచ్చింది. వచ్చినామె రెండు పూటలూ సంగటే తిన్నది.

ఊళ్లో ఇంగ్లీషు చదివినవాణ్ణి నేనే కాబట్టి నీ పని నాకు వచ్చి పడింది. నా ఇంగ్లీషు ఇరవై రెండేళ్లుగా రబ్బరు ముద్రల మీదిది. "మీ నాన్నగారు ఉన్నారా?" అని ఆమె అడిగితే, "అడ్రసీ డిసీజ్డ్, రిటర్న్ టు సెండర్" అన్నాను. ఆమె చాలాసేపు ఆకాశంలోకి చూసి, ఎంత అందంగా చెప్పారు అంది.

పోస్టాఫీసు అరుగు మీద ఊరంతా చేరింది. పనికి దేశం పోయిన ఆడవాళ్ల గురించి ఏమనుకుంటారని ఆమె అడిగింది. చిన్నాయన తుపుక్కున ఉమ్మి, "ఈడ పొయ్యి వెలగలేదా, ఆడికి పోయి వండాల్నా, అడుగు ఆ యమ్మను" అన్నాడు. నేను ఆమెతో, "వంట చాలా మంచి పని అంటున్నాడు" అన్నాను. చాంద్ బీ ముందుకొచ్చి, "నాకూ ఒక వీసా ఇప్పించమని చెప్పు సుబ్బన్నా, మా ఆయనకు తెలీకుండా" అంది. ఆయన పక్కనే ఉన్నాడు. "మీ ఆరోగ్యం అడుగుతోంది" అని చెప్పాను. ఖమరుద్దీన్ అయితే సైకిలు కొంటుందా అని నాలుగుసార్లు అడిగించాడు. నాలుగుసార్లూ ప్రపంచ శాంతి గురించి అడుగుతున్నాడని చెప్పాను. నీ మీద నవ్వినవాణ్ణి, గంటలో నీకు మించిపోయాను. మధ్యలో నిలబడటం ఎంత కష్టమో చెల్లెమ్మా! ఎవరినీ చిన్నబుచ్చకూడదని చూస్తే నిజం చిన్నబోతుంది.

అందరూ పోయాక ఆమె నన్నే అడిగింది. "మీ చెల్లెలు వెళ్తానన్న రోజు మీరేమన్నారు?"

ఏమన్నానో నీకు తెలుసు. బస్సు ఎక్కబోతూ నువ్వు వెనక్కి చూసినప్పుడు, నలుగురిలో, "గడప దాటితే నాకు చెల్లెలు లేదు" అన్నాను.

డోరతి గారు పెన్ను పట్టుకుని ఆగారు. నాకు అంత ఇంగ్లీషు రాదన్నాను. వచ్చు. ఆ మాటకు పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. ఇంతలో మీ వదిన మజ్జిగ తెచ్చింది, తప్పించుకున్నాను.

ఆమెను రైలెక్కించి నడిచి వస్తుంటే చెప్పాల్సింది దారి పొడుగునా వస్తూనే ఉంది. ఇంగ్లీషులో కాదు. నువ్వు ఆమెకు రాసేటప్పుడు ఇది నీ ఇంగ్లీషులో పెట్టి పంపు:

ఆ రోజు నేను అన్నమాట తప్పు. చెల్లెలు పోయింది ధైర్యంతో. నేను అడ్డుపడింది భయంతో. నలుగురు ఉన్నారని భయానికి కోపం వేషం వేశాను. ఆ తర్వాత సంచి విప్పిన ప్రతిరోజూ మొదట వెతికేది ఒమన్ స్టాంపు కోసమే. అర్జీ పెట్టింది కూడా, మామ మీద కోపంతో కాదు. ఆ సాకుతోనైనా ఇంటికి పంపిస్తారేమో అని.

పెద్దదైతే కుదించు. స్టాంపు సంగతి తీసేసినా ఫర్వాలేదు.

రామసుబ్బయ్య


అజైబా
24 మే 1991

అన్నా,

ఆగస్టులో నాకు నలభై రోజుల సెలవు ఇచ్చారు. రాను పోను టికెట్టు. ముసలామెకు ఈమధ్య రోజూ మధ్యాహ్నం హిందీ కబుర్లకు నేను ఉండాలి, అందుకని నలభై ఒకటో రోజు ఉంటే ఒప్పుకోనంది. వదినకు ఏ రంగు చీర కావాలో రాయమను. చాంద్ బీకి చెప్పు, వీసా సంగతి నేను వచ్చాక, వాళ్లాయన లేనప్పుడు మాట్లాడదాం.

నువ్వు ఇంగ్లీషులో పెట్టి దొరతికి పంపమన్న మాట నాలుగు రోజులు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. జిలాని సాయం చేస్తానన్నాడు. వద్దన్నాను. ఒక్క అక్షరం కుదించలేదు. దొరతికి పంపనూ లేదు.

ఇంగ్లీషు రాక కాదు అన్నా. కవరు మీద నా పేరుంది. నా పేరు మీద వచ్చినదాన్ని ఇంకొకరికి ఎట్లా ఇస్తాను? పోస్టుమాస్టరువి, నువ్వే చెప్పు.

నీ చెల్లెలు
పెంచలమ్మ